కుదుపు ఎవరిది?

పల్లకిలో కూర్చుండిన దొరకు కుదుపు తెలియదు. తెలిసినను అది ఊయెల యూపువలె కునుకు తెచ్చునదే గాని నడుము విఱుచునది కాదు. ఆ కాలపు బాటలలో గోతులు లేకపోవుటచేతనా? గోతులు కావలసినన్ని యుండెను. వానిలో కాలు పెట్టినవారు బోయీలు. గోయి వచ్చినప్పుడెల్ల వారి మోకాలు వంగెడిది, భుజము దిగెడిది, మరల లేచెడిది. దండె మాత్రము నీటిమీద తెప్పవలె సమముగా సాగెడిది. ఉక్కుతో స్ప్రింగులు చేయనేర్వక మునుపు మనవారు మనుష్యుల మోకాళ్ళనే స్ప్రింగులుగా వాడుకొనిరి. లోపల కూర్చుండినవాడు ఆ నడక మృదువుగా నున్నదని సంతోషించి బోయీలకు ఈనామిచ్చి యుండవచ్చును. కాని బాటయందు పుట్టిన కుదుపు మాయమైపోలేదు. ఒకరి నడుమును తప్పించుకొని యింకొకరి మోకాలిలోనికి పోయినది. అంతే.

వాహనసుఖమునుగూర్చి మేము వ్రాయబూనిన యీ నాలుగు మాటలకును ఈ పల్లకియే మొదటి పాఠము. సుఖము కోరుట తప్పా యని కొందఱు ప్రశ్నింతురు. ఆ ప్రశ్న మాకు అంత ముఖ్యముగా తోచదు. సుఖము కోరనివాడు లేడు; సన్న్యాసియు తన జింకచర్మము మెత్తగా నుండవలెననియే కోరును. అడుగవలసిన ప్రశ్న వేఱు. బాటలో పుట్టిన కుదుపు ఎక్కడికి పోవుచున్నది? దానిని ఎవ్వరు భరించుచున్నారు?

చోడవరము ప్రాంతమువారికి ఇది ఊహామాత్రమైన ప్రశ్న కాదు. 2022 సంవత్సరము ఏప్రిలు 4వ తేదీ వఱకు విశాఖపట్టణము జిల్లాలో నుండి, ఆనాటినుండి అనకాపల్లి జిల్లాలో చేరిన యీ యూరు చెఱకు పండు సీమలోనిది. భీమునిపట్టణమునుండి నర్సీపట్టణము పోవు బాట దీనిగుండ సాగును. గోవాడ చక్కెర కర్మాగారమునకు చెఱకును, అనకాపల్లి బజారునకు బెల్లమును ఎన్నో యేండ్లు ఈ చుట్టుపట్ల బాటలమీదనే ఎడ్లబండ్లును, ట్రాక్టరులును, లారీలును మోసినవి. వడ్డాది, మాడుగుల మీదుగా పాడేరు మన్యమునకు పోవువారును ఇటనుండియే పోవుదురు. ఇంత బరువు మోసిన బాట నునుపుగా నుండదని వేఱుగా చెప్పనక్కఱలేదు. భీమిలి, నర్సీపట్టణముల నడిమి బాటలోని గోతులనుగూర్చి ఇటీవలి సంవత్సరములలో పత్రికలు పలుమారులు వ్రాసినవి.

ఇట్టి బాట గల యూరిలో, మా యెఱుకలోని యొక గృహస్థుని కుమారుడు స్పోర్ట్సు కారొకటి కొనెను. అది యెట్టిదో యెఱుగని చదువరులకు ఒక్క మాట: అది నేలకు దగ్గఱగా నుండును, వేగముగా పోవును, మలుపులో ఒరగదు, అందులకై దాని స్ప్రింగులు గట్టివిగా చేయబడి యుండును. విశాఖపట్టణపు బీచిరోడ్డుమీద అది హంసవలె నడచెను. చోడవరము వచ్చునప్పటికి ప్రతి గోయియు వెన్నెముకను పలుకరించెను. స్పీడు బ్రేకరులకడ బండి యడుగు గీచుకొనెను. నాలుగు చక్రములకును మేలురకపు స్ప్రింగులను, షాకప్పులను వేయింపవలెనని అతడు తలపెట్టెను. లక్ష రూపాయలకు తక్కువ కాదని తేలెను. "ఆ సొమ్ముతో మన వీధి గోతులు పూడ్పింపవచ్చును గదా" యని తండ్రి యనెను. "సొమ్ము నాది, నడుము నాది, రోడ్డు మాత్రము నాది కాదు" అని కుమారుడు బదులు చెప్పెను. తొలిచూలు కాన్పునకు ఎడ్లబండిలో పుట్టింటికి వచ్చిన ఆ యింటి ముసలమ్మ, "బండికేటి నొప్పి నాయినా, నొప్పంతా లోనున్నోళ్ళది గాని" అని నవ్వెను.

మువ్వురి మాటలలోను కొంత సత్యము కలదు. తండ్రి మాట ధర్మముగా వినబడును. కుమారుని మాట స్వార్థముగా వినబడును. కాని చెవికి ధర్మముగా వినబడినదెల్ల ధర్మము కాదు. ఆ వస్తువు చేయు పని యెట్టిదో తెలిసికొనకుండ దానిని విలాసమని త్రోసివేయుట మన పెద్దలలో చిరకాలముగా నున్న యలవాటు. గడియారమును, కుట్టుమిషనును, ఆడపిల్ల చేతిలోని పుస్తకమును గూడ ఇట్లే త్రోసివేసిరి. కావున మొదట ఆ వస్తువు నెఱుగుదము.

స్ప్రింగును ఎంత సాగదీసిన అంత బలముతో అది తిరిగి లాగునని 1678లో ఇంగ్లండు దేశీయుడగు రాబర్టు హుక్కు ప్రకటించెను. 1804లో లండను నగరపు బండ్ల పనివాడు ఒబడయా ఎలియట్టు అండాకారముగా వంచిన ఉక్కుపట్టీల కమానులకు పేటెంటు పొందెను. గుఱ్ఱపుబండ్ల పెట్టెను కమానులమీద నిలుపుట అటుపిమ్మట బాగుగా వ్యాపించెను. మన లారీల క్రింద ఈనాటికిని కానవచ్చు కమాను కట్టలు ఆ వంశములోనివే. నాటుబండికి ఈ భాగ్యము కలుగలేదు. ఇనుపపట్టా వేసిన చక్రము గోతిలో పడగానే ఆ దెబ్బ ఇరుసునుండి నొగలకును, నొగలనుండి కాడికిని, కాడినుండి ఎద్దుమెడకును పోవును. లోన కూర్చుండిన గర్భిణికి పోవు భాగము వేఱు. బెంగుళూరులోని ఇండియను ఇన్‌స్టిట్యూటు ఆఫ్ మేనేజిమెంటు తొలి సంచాలకులైన ఎన్. ఎస్. రామస్వామిగారు ఎద్దుబండిని సంస్కరింపవలెనని ఎన్నో యేండ్లు వాదించిరి. విమానములను, యంత్రాగారములనుగూర్చి మాటలాడు విద్వాంసుల నడుమ ఒక పెద్దమనిషి ఎద్దుమెడనుగూర్చి మాటలాడుట మాకెప్పుడును గొప్పగానే తోచును. మన పల్లెలలో మాత్రము ఆ పనిలో కొంత టైరుబండియే చేసినది. 1888లో డన్‌లప్ చేసిన గాలిచక్రము ఎట్లో తిరిగి తిరిగి మన చెఱకుబండికి వచ్చి చేరి, ఎద్దుమెడమీది భారమును కొంత తగ్గించినది.

ఇంతవఱకు స్ప్రింగు కథ. కాని స్ప్రింగొక్కటియే యున్న బండిలో పయనించినవారికి దాని లోపము తెలియును. స్ప్రింగు దెబ్బను మ్రింగునది కాదు, దాచుకొనునది. ఇప్పుడు పుచ్చుకొని మఱునిమిషమున తిరిగి యిచ్చివేయును. గోయి యొక్కటే, ఊపులు పది. బండి ముందుకు తల వంచును, వెనుకకు వాలును, మరల వంచును. ఇంతలో రెండవ గోయి వచ్చును. ఆ ఊపులో చక్రము నేలను విడిచి లేచుటయు కలదు. చక్రము గాలిలో నున్నంతసేపు బ్రేకు పనిచేయదు, స్టీరింగు పనిచేయదు. అరిగిపోయిన షాకప్పులతో తిరుగు కారు తన యజమానిని మాత్రమే బాధించునని యనుకొనుట పొరపాటు. రోడ్డు దాటు బడిపిల్ల కడ అది ఆగవలసినచోట ఆగక నాలుగు గజములు ముందుకు పోవచ్చును. ఈ యొక్క సంగతి తెలిసిన, షాకప్పులు మార్చుట విలాసమని యెవ్వరును అనజాలరు.

షాకప్పు అని మన మెకానిక్కులు పిలుచు షాకబ్సార్బరు చూచుటకు నూనె నింపిన ఉక్కు గొట్టము. దానిలో ఒక పిస్టను పైకిని క్రిందికిని కదలును. పిస్టనుకు సన్నని రంధ్రములును, వానిపై పలుచని ఉక్కుబిళ్ళలును ఉండును. చక్రము గోతిలో పడి లేచినప్పుడు పిస్టను కదలును, నూనె ఆ సన్నని దారులలో దూరుటకు పెనుగులాడును. ఆ పెనుగులాటలో కుదుపు బలము వేడిమిగా మాఱును, గొట్టము వెచ్చబడును, ఎదురుగాలి ఆ వేడిమిని తీసికొనిపోవును. తొలినాటి మోటారులకు ఒండొంటితో ఒరసికొను బిళ్ళలతో ఈ పని చేయించెడివారు. తరువాత నూనె వచ్చెను. వేగముగా కొట్టుకొనునప్పుడు నూనె నురుగెత్తి పట్టు తప్పకుండ, దానితోపాటు ఒత్తిడి గల వాయువును నింపు పద్ధతిని 1950లలో ఫ్రాన్సుదేశపు క్రిస్టియను బూర్సియే ద కార్బను వాడుకలోనికి తెచ్చెను. నేటి మేలురకపు షాకప్పులలో పెక్కు ఆ మార్గముననే పోవుచున్నవి.

గతుకుల బాటమీద పది మైళ్ళు నడచి వచ్చిన కారు ఆగిన పిదప దాని షాకప్పును చేతితో తాకిన వెచ్చగా నుండును. బోయీ మోకాలి నొప్పికి మాఱుగా వచ్చినది ఆ వెచ్చదనమే. కుదుపు ఇచ్చట ఒకరినుండి ఒకరికి మాఱలేదు. ఎవరికిని నొప్పి లేకుండ గాలిలో కలసిపోయినది. మనుష్యుడు చేసిన యంత్రములలో కష్టమును ఇంకొక ప్రాణిమీదికి త్రోయక నిజముగా హరించునవి కొన్నియే కలవు. వానిలో దీనిని ఒకటిగా మేము లెక్కింతుము.

దీనిలోని సూక్ష్మ మింకొకటి కలదు. ఇది తెలిసినప్పుడు మాకు కలిగిన యానందము చెప్పదగినది. షాకప్పునకు రెండు దిక్కుల పట్టు సమముగా నుండదు. చక్రము గట్టునకు కొట్టుకొని పైకి వచ్చునప్పుడు అది తక్కువగా ఎదిరించును. అణగిన స్ప్రింగు తిరిగి విదలించుకొని లేచునప్పుడు ఎక్కువగా ఎదిరించును. సాధారణపు కార్లలో ఈ రెండవ పట్టు మొదటిదానికి రెండు మూడు రెట్లుండుట కలదు. అనగా, దెబ్బ తగులునప్పుడు కొంత లొంగవలెను. తిరుగుదెబ్బ తీయబోవునప్పుడు గట్టిగా పట్టవలెను. దెబ్బనే గట్టిగా ఎదిరించినచో అది యట్లే బండిలోనికి వచ్చును. తిరుగుదెబ్బను వదలివేసినచో బండి ఎగిరిపడును.

ఇది సంసారులకు తెలియని సంగతియా? కచ్చేరీలో దొరగారు గుమాస్తాను కోపించును. గుమాస్తా యింటికి వచ్చి కూరలో ఉప్పు లేదని యిల్లాలిని కోపించును. ఇల్లాలు చదువుకొనుచున్న పిల్లను లేపి అంట్లు తోమవేమని కోపించును. పిల్ల పనిమనిషిమీదనో, పనిమనిషి పిల్లిమీదనో చూపును. మొదటి గోయి యెక్కడనో, చివరి కుదుపు ఎక్కడనో! ఈ వరుసలో ప్రతివాడును తాను నిర్దోషి యనియే తలంచును. పుచ్చుకొన్నదే ఇచ్చితిని గదా యనును. స్ప్రింగు చెప్పు సమాధానమును ఇదియే. మన కుటుంబములలో ఇంతకాలము కుదుపును మ్రింగు పని కోడలికి అప్పగింపబడినది. దానికి ఓర్పు అను గొప్ప పేరు పెట్టి, పూలదండ వేసి, ఆమెనే బోయీని చేసితిమి. ఓర్పు మంచిదే, కాని పల్లకిలో కూర్చుండినవాడు బోయీకి ఓర్పునుగూర్చి ఉపన్యసింపరాదు. ఇంటిలో పుట్టిన కష్టము నలుగురును పంచుకొన్న చల్లారునుగాని, ఒక మనిషి లోపల దాచబడి చల్లారదు. దాచబడినది స్ప్రింగులోని బలమువంటిది. ఎప్పుడో ఒకప్పుడు లేచును.

మరల కారునకు వత్తము. స్పోర్ట్సు కారు కొన్న కుఱ్ఱవాండ్రు చేయు పనులన్నియు మంచివని మా యభిప్రాయము కాదు. బండి నేలకు ఇంకను దగ్గఱగా కనబడవలెనని స్ప్రింగు చుట్టలను కోయించువారు కలరు. చుట్టలు తగ్గినకొలది స్ప్రింగు గట్టిపడును. అణగుటకు చోటు తగ్గును. పాత షాకప్పు ఆ క్రొత్త బిగువును పట్టజాలదు. స్ప్రింగు నాలుగు రెట్లు గట్టిదైన, అదే యణకువకు షాకప్పు పట్టు రెండు రెట్లు కావలెను. ఒకటి మార్చి రెండవది విడుచుట, ఎడ్లను మార్చి కాడిని విడిచినట్లు. కోసిన స్ప్రింగుతో కారు చూపునకు సింహమువలె నుండును, నడకలో కప్పవలె నుండును. ఇది కుదుపును హరించుట కాదు, డబ్బిచ్చి కొనుట. పైగా 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను రిజిస్ట్రేషను పత్రములోని వివరములకు భిన్నమగునట్లు వాహనమును మార్పరాదని చెప్పుచున్నది. బండి రూపమునే మార్చదలచువారు ముందు ఆ సంగతి విచారించుకొనుట మేలు.

గట్టి స్ప్రింగులే పౌరుషమను భ్రమ పందెపు కార్లవలన వచ్చినది. పందెపు బాట అద్దమువలె నుండును. అక్కడ గట్టి స్ప్రింగు చెల్లును. బాట చెడ్డదగుకొలది స్ప్రింగు మెత్తగాను, షాకప్పు నేర్పుగలదిగాను ఉండవలెను. ఇంగ్లండులో లోటసు కార్లు చేసిన కోలిను చాప్మను పందెపు కార్ల మేధావియై యుండియు, బాటమీద తిరుగు కార్లకు మెత్తని స్ప్రింగులనే కోరెను. ఫ్రాన్సులో సిట్రోయెను సంస్థ అధిపతి పియేరు బూలాంజే రైతుల కొఱకొక కారు చేయబూని, దున్నిన పొలము మీదుగా కోడిగ్రుడ్ల బుట్టతో పోయినను ఒక్క గ్రుడ్డును పగులరాదని తన యింజనీర్లకు నియమము పెట్టెనని చెప్పుదురు. 1948లో లోకమునకు చూపబడిన ఆ కారు పేరు ద్యూ షెవో. చూపునకు రేకుపెట్టె, నవ్వనివారు లేరు. కాని గ్రుడ్లు అమ్ముకొను పల్లెటూరి స్త్రీని మనస్సులో నుంచుకొని స్ప్రింగులు చేయించిన శ్రీమంతులు ఎందఱు? మాడుగులనుండి బెల్లపు దిమ్మలతోను, కోళ్ళ గంపలతోను చోడవరము సంతకు వచ్చువారిని మనస్సులో నుంచుకొని ఆటోరిక్షా స్ప్రింగులు చేయువా డొకడు మనకును కావలెను.

ఇక తండ్రి మాట. ఆ లక్షతో గోతులు పూడ్పింపరాదా? పూడ్పింపవచ్చును. కాని ఆ గోతులు ఎవరు చేసిరో ఆయన తెలిసికొనలేదు. 1958 మొదలుకొని 1960 వఱకు అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రములో, ఒట్టావా యను ఊరి కడ, బాటలు వేసి వానిమీద లారీలను రాత్రింబవళ్ళు నడిపి ఒక గొప్ప పరీక్ష చేసిరి. దానివలన తేలిన లెక్క ఇది: బాటకు కలుగు నష్టము ఇరుసు బరువుయొక్క నాలుగవ ఘాతమును దాదాపుగా అనుసరించును. ఇరుసు బరువు రెండింతలైన నష్టము 16 రెట్లు. ఈ లెక్కను మన దేశమునకు పట్టించి చూతము. 2018 జూలైలో లారీల వెనుక ఇరుసుపై అనుమతింపబడు బరువును 10.2 టన్నులనుండి 11.5 టన్నులకు పెంచిరి. పెరిగిన బరువు నూటికి 13 పాళ్ళకు లోపే. నష్టము మాత్రము నూటికి 60 పాళ్ళకు పైగా పెరుగును. కారు ఇరుసుమీద 700 కిలోగ్రాములున్నవనుకొన్న, 10.2 టన్నుల ఇరుసు ఒక్కమారు నడచినప్పటి నష్టమునకు సమము కావలెనన్న ఆ కారు ఇరుసు దాదాపు 45 వేల మారులు నడువవలెను. కావున కుఱ్ఱవాని కారు గోతులు చేయలేదు. తండ్రిగారు తన సొమ్ముతో పూడ్పించిన గోతిని చెఱకు లారీ ఒక వానకాలములో తిరిగి త్రవ్వును.

చెఱకు లారీవానిని తిట్టుటయు మా యుద్దేశము కాదు. అతడు మోయుచున్నది మన కాఫీలోని చక్కెరయే. కాని అతడు చేయు పని యొకటి కలదు. మితిమీరిన బరువు మోయుటకు కమాను కట్టలో అదనముగా పట్టీలు వేయించును. కమాను బిగిసిపోవును; కుదుపు హరింపబడక చక్రముద్వారా బాటమీదనే పడును. లారీ ప్రతి గోతికడను సుత్తివలె కొట్టుచు పోవును. చెడ్డ స్ప్రింగు లోనివానినే కాదు, క్రింది నేలనుకూడ బాధించునన్నమాట. ఈ సంగతిని యూరపు ఖండమువారు చట్టములోనే గుర్తించిరి. 1992లో వారు చేసిన నిబంధన ప్రకారము, మూడు ఇరుసుల లారీకి 25 టన్నులు హద్దు. నడుపు ఇరుసునకు గాలి స్ప్రింగులు గాని, వానికి సమానమని పరీక్షలో తేలినవి గాని, జంటటైరులతో కూడ నున్నచో 26 టన్నులు. సమానమని తేలవలెనన్న, బండిపెట్టె సెకండునకు రెండు మారులకు మించి ఊగరాదు. ఊపును అణచు శక్తిలో సగమునకు తక్కువ కాకుండ షాకప్పులనుండియే రావలెను. బాటను బాధింపని బండికి ఒక టన్ను బహుమానము! షాకప్పు సొంత సుఖము కొఱకు మాత్రమే కాదనుటకు ఇంతకంటె సాక్ష్యము మా కక్కఱలేదు. మన రాష్ట్రపు లారీల క్రింద నున్న కమానులను తనిఖీచేసిన, కుఱ్ఱవాని కారునుగూర్చి చర్చించిన దానికంటె ఎక్కువ లాభము కలుగును.

కాబట్టి ఆ కుమారుడు షాకప్పులు వేయించుకొనుటలో దోషము లేదు. నేర్పుగా వేయించుకొన్నచో గుణమే కలదు. దోషము అతని మాటలోని మూడవ భాగమున నున్నది: "రోడ్డు మాత్రము నాది కాదు." షాకప్పులు వేయకమునుపు ఆ రోడ్డు, అతని కిష్టమున్నను లేకున్నను, అతనిదే, ప్రతిదినము నడుములో దానిని మోసెను. వేసిన తరువాత నిజముగానే అతనిది కాకుండ పోవును. ఇచ్చటనే భయము.

ఆల్బర్టు హర్షమను అను ఆర్థికశాస్త్రవేత్త 1970లో ప్రకటించిన గ్రంథమునకు మూలము నైజీరియా దేశపు రైళ్ళు. అక్కడ రైళ్ళు బాగుగా నడువకుండెను. లారీలు పోటీకి వచ్చెను. పోటీవలన రైళ్ళు బాగుపడవలెను గదా? బాగుపడలేదు. ఏలయన, సరకు సకాలమునకు చేరకున్న గట్టిగా కేకలు వేయగల పెద్ద వర్తకులే ముందుగా లారీలకు మరలిరి. మిగిలినవారు కేకలు వేయలేనివారు. రైళ్ళవారికి వినబడు గొంతులు పోయినవి. పని యట్లే యుండెను. ఈ కథ చోడవరమునకు ఎంత చక్కగా సరిపోవుచున్నదో చూడుడు. గోతినిగూర్చి అర్జీ వ్రాయగల చదువు, అధికారియొద్దకు పోగల పలుకుబడి, పత్రికకు లేఖ వ్రాయగల తీరిక ఎవరి కున్నవో, వారి కార్ల క్రిందనే మేలురకపు షాకప్పులు చేరుచున్నవి. షేరు ఆటో వెనుకబల్లపై అంచున కూర్చుండి ఆసుపత్రికి పోవు గర్భిణికి గోయి బాగుగా తెలియును. ఆమె మాట ఎవరికిని తెలియదు. నొప్పి ఒకచోటను, నోరు ఒకచోటను ఉన్న సంఘములో బాటలు బాగుపడవు. బడులు బాగుపడలేదు, పలుకుబడిగలవారి పిల్లలు సర్కారు బడులనుండి వెడలిపోయిన పిదప వానికేమయ్యెనో మన మెఱుగనిది కాదు.

పలుకుబడి గలవారు నిజముగా తలచుకొన్న బాట యెంత త్వరగా సిద్ధమగునో 2023లో చూచితిమి. ఆ సంవత్సరము ఫిబ్రవరి 11వ తేదీన హైదరాబాదులో హుసేనుసాగరపు తీరమున విద్యుచ్ఛక్తితో నడచు కార్లకు ఫార్ములా-ఈ పందెము జరిగెను. నగరపు వీధులనే దాదాపు 2.8 కిలోమీటరుల పందెపు బాటగా సిద్ధపఱచిరి. ఫ్రాన్సుదేశీయుడు జా ఎరిక్ వెర్న్ గెలిచెను. మఱుసటి సంవత్సరము జరుగవలసిన పందెము రద్దయ్యెను. పందెములు కూడవని మేము చెప్పము. అవి యంత్రవిద్యకు మేలు చేసిన సందర్భములు పెక్కు కలవు. లోకములోని మేలైన స్ప్రింగులును, షాకప్పులును గల కార్లకు అద్దమువంటి బాటనిచ్చితిమి. ఏమియు లేని బండ్లకు గోతుల బాటను విడిచితిమి. ఈ తారుమారు మాకు వింతగా తోచుచున్నది.

చోడవరమునుండి మాడుగుల దాటి కొండలెక్కిన కొలది ఈ తారుమారు ఇంకను స్పష్టమగును. 2022 ఏప్రిలు 4వ తేదీననే ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాకు పాడేరు ముఖ్యస్థానము. ఆ మన్యములోని కొన్ని గూడెములకు బండి పోవు బాట లేకపోవుటచేత రోగిని, నొప్పులు పడుచున్న స్త్రీని వెదురు దండెకు కట్టిన డోలీలో మోసికొని వచ్చుచుండుటను ఈ కాలములోను పత్రికలలో చదువుచున్నాము. పల్లకికిని డోలీకిని రూపములో పోలిక యున్నది, ధర్మములో లేదు. అచ్చట మోయువారు కూలికి వచ్చిన బోయీలు కారు. అన్నదమ్ములు, మఱుదులు, ఇరుగుపొరుగువారు. కుదుపును తమ మోకాళ్ళలో తామే ప్రేమతో మ్రింగుచున్నారు. ఇది కొనియాడదగినదే. కాని కొనియాడుచు కూర్చుండుటకు మనకు హక్కు లేదు. వారి మోకాళ్ళ మంచితనము మన బాటకు బదులు కారాదు.

కార్లు గల గృహస్థులకు మేము చేయు సూచన యొకటి కలదు, ఖర్చు తక్కువ. షాకప్పులు మార్చుటకు కారును ఒకపూటయైనను మెకానిక్కు షెడ్డులో విడువవలసి యుండును. ఆ పూట షేరు ఆటోలో, వెనుక చక్రమునకు నేరుగా మీదనున్న బల్లపై కూర్చుండి వడ్డాది వఱకు పోయి రావలెను. ఇల్లాలిని వెంటబెట్టుకొనిపోయిన మఱియు మంచిది. గోతుల లెక్క ఆడువారికే బాగుగా జ్ఞాపకముండును. కాగితమును, కలమును మఱువరాదు. ఏ మైలురాయి కడ, ఏ కల్వర్టునకు ఎన్ని గజముల దూరమున, ఎంత వెడల్పున, ఎంత లోతున గోయి యున్నదో వ్రాసికొని ఆ రాత్రియే అర్జీ పెట్టవలెను. "రోడ్డు బాగుగా లేదు" అని వ్రాసిన అర్జీని చెత్తబుట్టలో వేయుట సులభము. కొలతలతోను, పదిమంది ఆటో ప్రయాణికుల సంతకములతోను వచ్చిన దానిని వేయుట అంత సులభము కాదు. సంతకము చేయలేనివారు ఆ ఆటోలో ఉందురు. వారి వ్రేలిముద్ర తీసికొనుటకు సిరాపెట్టె గూడ వెంట నుండవలెను.